మలుపు దగ్గర మేనల్లుడు

క్రిందటి సంవత్సరం ఒకనాటి రాత్రి భోజనం ముగించి వక్కపొడి నోట్లో వేసుకుంటూండగా మా అక్క దగ్గరనుంచి ఫోను వచ్చింది. మా అక్క ఫోను చేస్తే ముందు ఆరోగ్యం అడుగుతుంది, తర్వాత మీ వైపు వాన పడిందా అని అడుగుతుంది, ఆ తర్వాత గాని అసలు సంగతికి రాదు. ఆ రాత్రి మొదటి రెండూ మానేసి నేరుగా మూడోదానికే వచ్చింది.

"రేయ్, నీ మేనల్లుడు కార్ల పందేలకు పోతాడంట. విన్నావా?"

"వినలేదక్కా."

"నువ్వెందుకు ఇంటావు? వాన్ని చెడగొట్టిందే నువ్వు. మూడేండ్ల పిల్లోనికి కీ ఇస్తే పరిగెత్తే బొమ్మకారు కొనిచ్చింది ఎవరు?"

నేరం ఒప్పుకోక తప్పలేదు.

మా అక్కావాళ్ళది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. మా అనంతపురం సీమ సంగతి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఏడాది పొడుగునా కలిపి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదైనా పడవలసిన నెలలో పడితే మాకు బాధే లేదు. వేరుశనగ విత్తి ఆకాశం వంక చూస్తూ కూర్చోవడం మావాళ్ళకు తరతరాలుగా వచ్చిన విద్య. మా బావ నీళ్ళకోసం ఐదు బోర్లు వేయించాడు. రెండింట్లో దుమ్ము వచ్చింది. రెండింట్లో ఏడాదిపాటు నీళ్ళు వచ్చి, ఆ తర్వాత దుమ్ము వచ్చింది. ఐదో బోరు మీదనే ఇప్పుడు ఇల్లూ, ఎకరం చీనీతోటా గడుస్తున్నాయి.

"మీ బావ డబ్బు తీసకపోయి భూమిలో పోసినాడు. కొడుకు టైర్లలో పోస్తానంటాండాడు. నువ్వు చెప్తే ఇంటాడు. మాన్పించు" అని ఆజ్ఞాపించి ఫోను పెట్టేసింది అక్క.

మేనల్లుడికి బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం. పదిహేను రోజులకొక శనివారం సొంత కారులో ఊరికి వస్తాడు. బెంగుళూరు నుంచి హైదరాబాదు వెళ్ళే 44వ నెంబరు జాతీయ రహదారి మా జిల్లాను చీల్చుకుంటూ పోతుంది. చెట్టు లేదు, చేమ లేదు, గీత గీసినట్టు రోడ్డు. కుర్రవాళ్ళ కాలికి దురద పుట్టించడానికి ఇంతకన్న ఏం కావాలి? ఒకసారి వాడి కారులో నేనూ వచ్చాను. కోడికొండ దాటాక ముల్లు 140 దగ్గర నిలబడింది. పెనుకొండ ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. కళ్ళు మూసుకుని ఉన్నాను. ఇంటికి చేరాక వాడు గడియారం చూసుకుని, క్రిందటిసారి కన్న పదకొండు నిమిషాలు ముందు వచ్చామని గర్వంగా చెప్పాడు. ఆ పదకొండు నిమిషాలతో వాడు చేసిన ఘనకార్యం, అరుగుమీద కూర్చుని పదకొండు నిమిషాలు ఎక్కువసేపు సెల్‌ఫోను చూడడం.

అంతకుముందు ఏడే, అదే రోడ్డుమీద, వాడితో కలిసి బడికి వెళ్ళిన కుర్రవాడొకడు ఆగివున్న లారీ వెనుక భాగంలోకి దూసుకుపోయాడు. ఆ తల్లిని పరామర్శించడానికి మా అక్కే వెళ్ళింది. వెళ్ళివచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. అంచేత "పందెం" అన్న మాట వినగానే ఆమె కంటికి ఏది కనబడిందో నాకు తెలుసు. నిజం చెప్పవద్దూ, నాకూ అదే కనబడింది.

వాదనకు దిగేముందు సరుకు సమకూర్చుకోవాలి గదా! వాణ్ణి పిలిచి, ఈ పిచ్చి ఎక్కడ అంటుకున్నదిరా అని అడిగాను.

హైదరాబాదులోనట. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ పందెం జరిగిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బ్యాటరీలతో నడిచే ఒంటిసీటు కార్లు నెక్లెస్ రోడ్డు మీద పరుగెత్తాయి. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మావాడు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి కంచె పక్కన నిలబడ్డాడు. "వాళ్ళ వేగం చూసి కాదు మామా. తిన్నగా పోయేటప్పుడు అందరూ ఒకటే. మలుపు దగ్గరికి రాగానే ఒక్కొక్కడు ఒక్కొక్క చోట బ్రేకు వేస్తాండాడు. ఆ తేడా ఎందుకో తెలుసుకోవాలని పుట్టింది" అన్నాడు. జబ్బు ముదిరిందని నాకు అర్థమయింది.

సరే, ఈ పందేల పుట్టుపూర్వోత్తరాలు వెదకడం మొదలుపెట్టాను. మాన్పించడానికి వెదికినవాడికి దొరికినదంతా ఎదుటివాడికి అనుకూలంగా ఉండడం నా దురదృష్టం.

మన దక్షిణాదిలో ఈ సరదా కొత్తదేమీ కాదు. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్ళే దారిలో, మద్రాసు ఇంకా కొంత దూరం ఉందనగా షోలవరం వస్తుంది. రెండో ప్రపంచయుద్ధపు రోజుల్లో అక్కడ విమానాలు దిగడానికి బాట వేశారు. యుద్ధం అయిపోయింది, బాట మిగిలింది. 1953లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏర్పడింది. ఆ పాత విమానాల బాట పందెపు బాట అయింది. వారమంతా ఆఫీసుకు తీసుకుపోయే ఫియట్లూ హెరాల్డులూ పందెం నాటికి బరువు తగ్గించుకుని, పొగగొట్టాలు మార్చుకుని వచ్చి నిలబడేవి. జనం సంసారాలతో సహా, పులిహోర పొట్లాలతో సహా వెళ్ళేవారు. పందెగాళ్ళలో జీతం తీసుకుని కారు నడిపేవాడు ఎవడూ లేడు. అందరూ సరదారాయుళ్ళే. కొందరికి సరదాతోపాటు మిల్లులూ ఉండేవి.

మిల్లులంటే కోయంబత్తూరు జ్ఞాపకం వస్తుంది. అక్కడ నూలు మిల్లులు పెట్టిన నాయుళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. తమిళదేశం నడిబొడ్డున కూర్చుని కూడా వంటింట్లో తెలుగు వదలని కుటుంబాలవి. లక్ష్మీ మిల్లుల కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ షోలవరంలో పేరుమోసిన పందెగాడు. అయితే నాకు ఆయన గెలిచిన పందేలకన్న, చేసిన మరొక పని గొప్పగా తోచింది. పందెపు కారు విదేశాల నుంచి తెప్పించుకోవాలంటే సామాన్యుడి తరమా? 1980ల చివరలో ఆయన మారుతి 800 ఇంజను పెట్టి ఇక్కడే ఒంటిసీటు పందెపు కారు తయారు చేశాడు. దానికి ఫార్ములా మారుతి అని పేరు. మూడు సిలిండర్లు, 796 సి.సి. మనం పెళ్ళిళ్ళకు వెళ్ళే కారులో ఉండే ఇంజనే! దాంతో మిల్లులు లేని కుర్రాళ్ళకు కూడా తలుపు కొంచెం తెరుచుకున్నది. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో 2003లో తెరిచిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు. కరి మోటార్ స్పీడ్‌వే అంటారు. చుట్టు 2.1 కిలోమీటర్లు.

ఆ ఫార్ములా మారుతి కారులోనే కరివర్ధన్ దగ్గర బంధువొకడు మొదటి పందెం వేశాడు. పేరు నరైన్ కార్తికేయన్. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ జాతీయ ర్యాలీ విజేత. కుర్రవాడు 1992లో, పదిహేనేళ్ళ వయసులో, ఫ్రాన్సులోని విన్‌ఫీల్డ్ డ్రైవింగ్ బడికి వెళ్ళి అక్కడి పోటీలో సెమీఫైనల్ దాకా వచ్చాడు. తర్వాతి ఏడు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మొదటి పందెం. మొదటిదానిలోనే మొదటి ముగ్గురిలో ఒకడయ్యాడు. (షోలవరాన్ని వదిలి మద్రాసు క్లబ్బువారు 1990లో అక్కడ సొంత బాట వేసుకున్నారు.) అటునుంచి ఇంగ్లండు వెళ్ళాడు. 1994లో బ్రిటిష్ ఫార్ములా ఫోర్డ్ శీతకాలపు పోటీలు గెలిచి, యూరప్‌లో ఒక ఛాంపియన్‌షిప్ గెలిచిన తొలి భారతీయుడనిపించుకున్నాడు. ఇది చదివి నేను, అయితే ఇంకేం, మరుసటేడే ఫార్ములా వన్‌లో చేరి ఉంటాడనుకున్నాను. ఒంటిసీటు పందేలకు అది ఎవరెస్టు శిఖరం గదా! లేదు. 1995లో ఆసియా పోటీల్లో నాలుగే పందేలలో పాల్గొన్నాడు. 1996లో ఆ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. తర్వాత మళ్ళీ ఇంగ్లండు, ఫార్ములా త్రీ. 2001లో సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ వారి ఫార్ములా వన్ కారు పరీక్షకు నడిపాడు, అంతవరకే. 2005లో జోర్డాన్ జట్టు పిలిస్తే గాని ఫార్ములా వన్ పందెంలో నిలబడలేదు. శ్రీపెరుంబుదూరు నుంచి మెల్బోర్న్‌కు పన్నెండేళ్ళు పట్టింది. మెల్బోర్న్‌లో పదిహేనోవాడుగా వచ్చాడు.

ఆ సంవత్సరమే అమెరికా పందెంలో నాలుగోవాడయ్యాడు. అయితే ఆనాడు టైర్ల గొడవతో ఇరవై కార్లలో పద్నాలుగు పందెం మొదలవకముందే లోపలికి వెళ్ళిపోయాయి. మిగిలినవి ఆరు. ఆరుగురిలో నాలుగు! నవ్వేవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి, మేనల్లుడికి ఫోను చేసి, "చూశావా, ఇంత చేస్తే చివరికి ఇదీ ఫలం" అన్నాను.

"ఆ ఐదు పాయింట్లు పుస్తకంలో ఉండాయి గదా మామా. ఆ ఆరుగురిలో ఒకడుగా ఉండేదానికి వానికి పన్నెండేండ్లు పట్టింది" అన్నాడు వాడు.

ఇక లాభం లేదని బ్రహ్మాస్త్రం తీశాను. 2023 జనవరి 8న మద్రాసు సర్క్యూట్‌లో జాతీయ పందెం జరుగుతూండగా కె.ఇ. కుమార్ అనే అనుభవజ్ఞుడు ప్రమాదంలో మరణించాడు. ఆయన వయసు 59. అదే ఏడు ఆగస్టులో, అదే బాటమీద, బెంగుళూరుకు చెందిన పదమూడేళ్ళ మోటారుసైకిలు పందెగాడు పోయాడు. పదమూడేళ్ళు! ఈ రెండూ చెప్పి ఊరుకున్నాను. అటువైపు చాలాసేపు నిశ్శబ్దం. "నాకు తెలుసు మామా" అన్నాడు. వాడు మరేమీ అనలేదు. నేనూ అనలేదు. ఆ సంగతి మీద మా ఇద్దరికీ వాదన జరగలేదు. ఇవాళటికీ జరగలేదు.

చివరి ప్రయత్నంగా బావ దగ్గరకు వెళ్ళాను. చీనీచెట్లకు పాదులు చేస్తున్నాడు. నేను చెప్పినదంతా విని, మట్టి చేతులు దులుపుకుని, "నేను ఐదుసార్లు ఆడినాను గదప్పా జూదం. వాడు ఒకసారి ఆడనీ. వాని దుడ్డే గదా" అన్నాడు. అక్క వినకుండా అన్నాడనుకోండి.

అయితే ఒక షరతు పెట్టాను. బడికి వెళ్ళి నేర్చుకోవాలి, నేర్చుకున్నది వచ్చి నాకు చెప్పాలి, మొదటి పందానికి నన్ను తీసుకువెళ్ళాలి. ఎలాగూ పందేలకు దిగాలంటే శిక్షణ పొంది, సమాఖ్యవారి లైసెన్సు తీసుకోవలసిందే. మూడు నెలల జీతం అందుకు కట్టాడు.

మొదటిరోజు శిక్షణ ముగించుకుని వచ్చిన మేనల్లుడి ముఖం చూసి నేను కొంచెం సంతోషించిన మాట వాస్తవం. వాడి గర్వం ఎవరో ఉతికి ఆరేసినట్టున్నది. రోడ్డుమీద 140 లో పోయేవాణ్ణని వెళ్ళి చెప్పాడట. గురువుగారు వినీ విననట్టు ఊరుకుని, "ఆపడం వచ్చునా?" అని అడిగాడట. పొద్దుననుంచి మధ్యాహ్నందాకా ఆపడమే నేర్పారు. బ్రేకు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత గట్టిగా తొక్కాలి, ఎప్పుడు వదలాలి. మలుపులోకి వెళ్ళాక బ్రేకు తొక్కకూడదు. తొక్కవలసిన ఘట్టమంతా తిన్నటి దారిమీదే అయిపోవాలి.

"ఎందుకురా?" అన్నాను.

"టైరుకుండే పట్టు బిందెడు నీళ్ళనుకో మామా. బిందె ఒకటే. దాంట్లోనే వంట కావాల, స్నానం కావాల. అంతా స్నానానికి పోసుకుంటే వంటకేముంటాది? పట్టంతా బ్రేకుకే వాడేస్తే కారును తిప్పేదానికి ఏమీ మిగలదు. స్టీరింగు తిప్పుతాము గాని కారు తిరగదు. తిన్నగా పోయి గోడకు కొడతాది."

భేష్ అనుకున్నాను. బిందె లెక్క మా జిల్లావాడికి ఎవరూ నేర్పనక్కరలేదు.

మలుపు తిరిగే పద్ధతి కూడా చెప్పాడు. కుడిచేతి వైపు తిరగాలంటే ముందు బాటకు ఎడమ అంచుదాకా వెళ్ళాలి, అక్కడినుంచి మలుపు లోపలి మూలను తాకుతున్నట్టుగా పోయి, మళ్ళీ ఎడమ అంచుకు రావాలి. అప్పుడు వంపు పెద్దదవుతుంది, వేగం అంతగా తగ్గించనక్కరలేదు. ఇది వినగానే నాకు మా తాత ఎద్దులబండి జ్ఞాపకం వచ్చింది. శనగకట్టె వేసుకుని సందులోకి తిరిగేముందు ఆయన బండిని అవతలి గోడ పక్కకు తోలేవాడు. చిన్నప్పుడు, తాత ఎటో పోతున్నాడేమని అరిచేవాళ్ళం. ఆయనకు లైసెన్సు లేదు.

అన్నింటికన్న నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. మలుపులోకి నిదానంగా దిగినవాడే గెలుస్తాడట. ఆత్రపడి వేగంగా దిగినవాడు మలుపు చివర కారును సర్దుకోవడానికి తంటాలు పడుతూంటాడు. నిదానంగా దిగినవాడు ముందే ఆక్సిలరేటరు తొక్కుతాడు. ఆ తర్వాత వచ్చే తిన్నటి దారి పొడుగునా ఆ లాభం వాడి వెంటే వస్తుంది. ఆ ఆత్రం చంపుకోవడానికే మావాడికి చాలా రోజులు పట్టింది. చెవులు "తొక్కు తొక్కు" మంటాయట, కాలు మాత్రం ఆగాలట.

మొదటి పందెం చెట్టిపాళయంలో, కరివర్ధన్ పేరు పెట్టిన బాట మీదనే. కొత్తవాళ్ళ కోసం పెట్టిన తరగతి. కారు ఎల్.జి.బి. ఫార్ములా 4. దానికీ మారుతి వారి ఇంజనే. ఆ పాత ఆలోచన ఇంకా బతికి ఉన్నదన్నమాట. చక్రాలు నాలుగూ బయటికి, మనిషి లోపలికి. కూర్చోవడం అనడానికి వీల్లేదు, పడుకోవడం అనాలి. భుజాలమీదనుంచి, నడుముమీదనుంచి, కాళ్ళ మధ్యనుంచి పట్టీలు లాగి కట్టారు. మంటకు తట్టుకునే దుస్తులు, దానిక్రింద మరొక పొర, తలకు మాస్కు, ఆపైన హెల్మెట్టు. కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. అచ్చం మూడేళ్ళనాటి కళ్ళే. నాకు గొంతు పట్టుకుంది. బొమ్మకారు కొనిచ్చినవాణ్ణి నేనే గదా.

బాట పక్కన అంబులెన్సు, డాక్టరు, మంటలార్పే మనుషులు. ఇవన్నీ సిద్ధంగా లేనిదే పందెం మొదలుపెట్టరు. ప్రతి మలుపు దగ్గరా జెండాల మనుషులు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఎవరినీ దాటకూడదు. నీలం ఊపితే వెనుకనుంచి వేగమైనవాడు వస్తున్నాడు, దారి ఇవ్వాలి. ఎరుపు ఊపితే అందరూ ఆగాలి. నల్లజెండా చూపిన పెద్దమనిషి లోపలికి వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి. ఎదురుగా వచ్చే బండి ఉండదు. అడ్డం వచ్చే గేదె ఉండదు. దీపాల్లేకుండా ఆగిన లారీ ఉండదు. మన దేశంలో 2022వ సంవత్సరంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మందని కేంద్రప్రభుత్వం లెక్క. అందులో పదింట ఏడు వంతులు అతివేగం పద్దులోనే రాశారు. ఆ వేగానికి జెండా చూపేవాడు లేడు, డాక్టరు లేడు, చివరికి పందెమని చెప్పినవాడు కూడా లేడు.

ఇంతలో వాన మొదలయింది.

ఇదేమి విధి చెప్పండి! మా జిల్లాలో వానకోసం కప్పలకు పెళ్ళి చేస్తాం. ఆ జిల్లాలో పుట్టినవాడు చెట్టిపాళయంలో నిలబడి వాన ఆగాలని మొక్కుకుంటున్నాడు. తడి బాటమీద బిందె సగానికి సగం ఖాళీ అయినట్టే. ప్రాక్టీసులోనే మావాడు రెండో చుట్టులో ఒక మలుపు దగ్గర తొందరపడి ఆక్సిలరేటరు తొక్కాడు. కారు వెనుకభాగం ముందుకొచ్చింది. గిర్రున ఒకటిన్నర చుట్టు తిరిగి, వచ్చిన దారివైపు ముఖం పెట్టి, ఇంజను ఆగి నిలబడ్డది. ఎదురుగా నీళ్ళు చిమ్ముకుంటూ కార్లు వస్తున్నాయి. పసుపు జెండా లేచింది. ఒక్కొక్కటే పక్కనుంచి తప్పుకుని పోయాయి. నేను లెక్కపెట్టాను. ఏడు కార్లు. నా ఆయుస్సులో ఏడు సంవత్సరాలు పోయాయి.

తిరిగి వచ్చినప్పుడు వాడి చేతులు వణుకుతున్నాయి. మానేద్దామా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. వాడు అడిగింది మాత్రం వేరు: "మామా, ఆ పసుపు జెండా పట్టుకున్నాయన పేరేమో కనుక్కుంటావా?" కనుక్కున్నాను. స్థానికంగా చదువుకుంటున్న కుర్రవాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మావాడు వెళ్ళి చెయ్యి కలిపి వచ్చాడు.

పందెం మూడు గంటలకు. మొత్తం పదహారు కార్లు, ఎనిమిది చుట్లు. మావాడికి వచ్చిన స్థానం పదమూడు. ఎర్రదీపాలు ఒక్కొక్కటే వెలిగి, అన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. ఆరడమే ఆరంభం. ఊళ్ళో ఎర్రదీపం వెలిగితే ఆగాలి, ఇక్కడ ఆరితే పోవాలి. ఆ అలవాటు లేకనో ఏమో మావాడు అరక్షణం ఆలోచించాడు. మొదటి మలుపు అయ్యేసరికి పదహారోవాడు, అంటే ఆఖరువాడు.

తర్వాత నేను చూసింది నాకు పూర్తిగా అర్థం కాలేదు. పక్కన నిలబడ్డ ఒకాయన చెప్పగా తెలుసుకున్నాను. వాన ఆగింది. కార్లు పోయే గీత మాత్రం ఆరుతున్నది, మిగతాది తడే. మూడో చుట్టులో ముందున్న ఇద్దరు ఆ గీతకోసం పెనుగులాడుకుని తడిలోకి పోయి గిర్రున తిరిగారు. మావాడు పద్నాలుగు. పొద్దున తాను తిరిగిన మలుపు దగ్గరకు వచ్చినప్పుడల్లా నిదానంగా, మరీ నిదానంగా దిగుతున్నాడు. నా పక్కాయన, "ఇతనెవరో భయపడుతున్నాడు" అన్నాడు. నేను బంధుత్వం బయటపెట్టలేదు. కాని మలుపు దాటాక వాడి కారే ముందు ఊపందుకుంటున్నది. ఐదో చుట్టులో ఒకణ్ణి, ఆరులో ఒకణ్ణి, ఆఖరి చుట్టులో మరొకణ్ణి, ముగ్గురినీ మలుపులో కాదు, మలుపు అయ్యాక వచ్చే తిన్నటి దారిలో దాటాడు. గళ్ళజెండా పడేసరికి పదకొండు. నా పక్కాయన, "భయం కాదండీ, లెక్క" అన్నాడు. అప్పుడు బంధుత్వం చెప్పుకున్నాను.

మర్నాడు బెంగుళూరు మీదుగా ఊరికి బయలుదేరాం. కారు వాడే నడిపాడు. బాగేపల్లి దాటాం, కోడికొండ దాటాం. ముల్లు 80 దాటలేదు. పెనుకొండ కొండను ఆనాడు తీరిగ్గా చూశాను. ఆర్టీసీ బస్సు ఒకటి హారను మోగిస్తూ మమ్మల్ని దాటిపోయింది. ఆ వెనుక పెళ్ళిబృందం జీపొకటి దాటిపోయింది. చివరికి టమోటాల లారీ కూడా దాటిపోతూంటే నేను ఉండబట్టలేక, "ఏరా అల్లుడూ, కొంచెం తొక్కరాదూ, మీ అమ్మ అన్నం వండి ఎదురుచూస్తుంటుంది" అన్నాను.

"ఈడ జెండా పట్టుకునేవాడు లేడు గదా మామా" అన్నాడు.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. అక్క గుమ్మంలోనే నిలబెట్టి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసి, కాళ్ళూ చేతులూ తడిమి చూసి, అన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాక గాని లోపలికి రానివ్వలేదు. సంకటి, శనక్కాయల చట్నీ వడ్డించింది. బావ ఏమీ అడగలేదు. కొడుకు చేతులవంక చూసి, తన అరచేతులవంక చూసుకున్నాడు. స్టీరింగు పట్టి పట్టి వాడి చేతులు బొబ్బలెక్కాయి.

వాడు పడుకోవడానికి మిద్దెమీదకు వెళ్ళాక అక్క నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది.

"గెలిచినాడా?"

"పదకొండోవాడుగా వచ్చాడక్కా."

"ఎంతమందిలో?"

"పదహారుమందిలో."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. మిద్దెమీదికి ఒకసారి చూసింది. తర్వాత అన్నది:

"వెనకబడిన ఆ ఐదుగురి తల్లులు ఏమనుకుంటాండారో, పాపం."